మట్టిపిట్టను ఎగురవేయు యంత్రము

కలకత్తా నగరమునకు తూర్పున, నేడు బిధాన్‌నగర్ అను పేర విశాలమైన వీథులతోను ప్రభుత్వ కార్యాలయములతోను విలసిల్లుచున్న సాల్ట్‌లేక్ పట్టణము వెలసిన చోట, 1960వ దశాబ్దములో హుగ్లీనది ఒండ్రును నీటితో కలిపి గొట్టముల ద్వారా కొనివచ్చి పల్లములను పూడ్చువరకు, ఉప్పునీటి మడుగులు, రెల్లుపొదలు, చేపల చెరువులు మాత్రమే యుండెను. శీతకాలమున ఉత్తరపు చలిదేశములనుండి దిగివచ్చు అడవిబాతులకును, వరిమళ్ల బురదలో పొడవాటి ముక్కు గ్రుచ్చి పురుగులను ఏరుకొను ఉల్లంకిపిట్టలకును ఆ ప్రాంతము విడిదిపట్టు. ఆంగ్లేయుల పాలనలో నగరములోని అధికారులును వర్తకులును సెలవు దినములలో రెండు గొట్టముల తుపాకులను భుజమున వైచుకొని కలకత్తా పరిసరములలోని బీళ్లమీదికి వేటకు పోవుట పరిపాటిగా నుండెను.

ఆ వేట నేడు లేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము అట్టి వినోదమునకు స్వస్తి చెప్పినది; చెప్పినందులకు మనము సంతసింపవలెను. జీవకారుణ్యమును ఒక క్షణము ప్రక్కకు పెట్టి కేవలము గురి నేర్చుకొనువాని దృష్టితో చూచినను, ఆ పద్ధతిలో ఒక గొప్ప లోపము కలదు. బెదరి లేచిన ఉల్లంకి ఒకమారు ఎడమకు, ఒకమారు కుడికి వంకరలు తిరుగుచు ఎగురును. అదే పక్షి, అదే వేగముతో, అదే త్రోవను మరల ఎన్నటికిని రాదు. గురి తప్పినపుడు తప్పు తన కంటిదో, తన భుజమునదో, తాను ముందుగా అంచనా వేసిన దూరమునదో తేల్చుకొనుటకు వేటగానికి ఉపాయమే లేదు. ఏలయన పరీక్షను అదే స్థితిలో రెండవమారు జరిపి చూచుటకు ప్రకృతి ఒప్పుకొనదు. ఎగురు గురిని మనుష్యుడు తానే నిర్మించుకొని, కోరిన క్షణమున, కోరిన దారిని, ఎన్నిమారులైనను ఎగురవేసికొనగలిగిన నాడు గాని షాట్‌గన్ అభ్యాసము శాస్త్రీయము కాలేదు. కావున విసురు యంత్రమును ఎన్నుకొను క్లబ్బు కార్యదర్శియైనను, సరదాగా గురి నేర్చుకొనగోరు సభ్యుడైనను, ధరకంటెను, వేగముకంటెను, బిళ్ల ఎంత దూరము పోవుననుదాని కంటెను ముందుగా విచారింపవలసిన గుణము ఒక్కటే: నిన్న విసరినట్లే నేడును, మొదటి బిళ్లను విసరినట్లే నూరవ బిళ్లను విసరగల నిలుకడ. ఈ అధ్యాయమంతయు ఆ నిలుకడ ఎచ్చటనుండి వచ్చును, ఎట్లు చెడును అను విచారణయే.

కృత్రిమమైన పక్షి పుట్టుటకు ముందు నిజమైన పావురమే గురిగా నుండెడిది. పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో పావురములను పెట్టెలలో బంధించి, త్రాడు లాగి మూత తెరచి, అవి పైకి లేచునపుడు కాల్చెడివారు. 1900వ సంవత్సరమున పారిస్‌లో జరిగిన క్రీడోత్సవములలో ఇట్టి పోటీ యొకటి జరిగినది. ఇంచుమించు మూడు వందల పావురములు హతమైనవి. ఇరువదియొక్క పక్షులను కూల్చిన బెల్జియము దేశస్థుడు లియోన్ ద లుండెన్ విజేతగా పరిగణింపబడెను. అదే పారిస్‌లో, అదే వేసవిలో, కలకత్తాలో పుట్టి పెరిగిన నార్మన్ ప్రిచర్డ్ పరుగు పందెములలో రెండు రజత పతకములు గెలుచుకొనెను. స్వతంత్ర భారతమునకు వ్యక్తిగతమైన రజత పతకము మొట్టమొదట లభించుటకు మరి నూట నాలుగేండ్లు పట్టినది. 2004లో ఏథెన్సు నగరమున దానిని రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ సాధించినది మట్టిబిళ్లలను కాల్చు డబుల్ ట్రాప్ పోటీలోనే. అప్పటికి పావురమునకు బదులు బిళ్ల వచ్చి నిలిచినది.

ఆ మార్పు ఒక్కమారుగా రాలేదు. 1866 ప్రాంతమున అమెరికాలోని బోస్టన్ నగరవాసి చార్లెస్ పోర్ట్‌లాక్ గాజుగోళములను పైకి విసరి కాల్చు వినోదమును ప్రచారమునకు తెచ్చెను. ఆనాటి ప్రసిద్ధ గురికాడు ఆడమ్ బొగార్డస్ 1877లో గాజుగోళములను విసరుటకు మెరుగైన యంత్రమునకు పేటెంటు పొందెను. గాజు పగిలినపుడు చూపునకు ఇంపుగా నుండెడిది గాని, పొలమంతయు పెంకులతో నిండి పశువుల కాళ్లకు అపాయకరమయ్యెను. అంతకంటె ముఖ్యముగా, గోళము పైకి లేచి క్రిందికి పడునే గాని పక్షివలె నేలకు సమాంతరముగా సాగిపోదు. సిన్సినాటి వాసియైన జార్జి లిగౌస్కీ 1880లో పళ్లెపు ఆకారముగల కాల్చిన మట్టిబిళ్లను కనిపెట్టెను. నీటి ఒడ్డున పిల్లలు ఆల్చిప్పలను నీటిమీద తేలవిసరుచుండగా చూచి అతనికి ఆ యూహ కలిగినదని చెప్పుదురు. అతని బిళ్ల కుమ్మరి కుండవలె గట్టిగా కాలియుండుటచేత గుండ్లు తగిలినను పగులుటకు మొండికేసెడిది. తరువాతివారు సున్నపురాతి పొడిని తారుజాతికి చెందిన జిగురుతో కలిపి అచ్చు పోయుట ఆరంభించిరి. పేరున మాత్రమే మట్టి మిగిలినది. ఎగురవేయునపుడు చేతి విసురును తట్టుకొనవలెను, గాలిలో నాలుగైదు గుండ్లు తగులగానే ముక్కలు కావలెను. ఈ రెండు విరుద్ధ ధర్మములను ఒకే పదార్థములో ఇముడ్చుటయే బిళ్ల తయారీలోని కౌశలము.

నేటి అంతర్జాతీయ పోటీలలో వాడు బిళ్ల 110 మిల్లీమీటర్ల వ్యాసము, 105 గ్రాముల బరువు, రెండున్నర సెంటీమీటర్లకు కొంచెము మించిన ఎత్తు కలిగి, బోర్లించిన పళ్లెమువలె మధ్య ఉబ్బియుండును. ఆ ఉబ్బు అలంకారము కొరకు కాదు. వేగముగా సాగు బిళ్ల తన క్రింది గాలిని అదిమి, పైగాలిని పలుచబరచి, కొంత ఎత్తుబలమును పొందును. అందుచేత అంతే బరువుగల రాయికంటె చదునుగా, దూరముగా పోగలదు. అయితే ఈ ఎత్తుబలము బిళ్లకు మేలుచేయవలెనన్న, అది గాలిలో బొర్లక తన తలమును కాపాడుకొనవలెను. తిరుగుచున్న బొంగరము మొనమీద నిలిచినట్లే, గిరగిర తిరుగు బిళ్ల తన అక్షమును మార్చుకొనుటకు ఒప్పుకొనదు. భ్రమణము చాలనపుడు అది తడబడి, ప్రక్కకు వ్రాలి, అంచు గాలికి ఒడ్డి, కొలది మీటర్లలోనే కూలును.

ఈ భ్రమణము ఎచ్చటనుండి వచ్చునో తెలిసికొన్నవాడు యంత్రములో సగము తెలిసికొన్నట్లే. విసురు యంత్రమునకు ఒక లోహపు చేయి యుండును. దానిమీద ఒక ప్రక్కన పొడవునా నిలువు అంచును, ఆ అంచునకు రబ్బరు పట్టీయు అమరియుండును. స్ప్రింగు లాగుటచేత చేయి గిర్రున తిరుగగా, దానిమీది బిళ్ల కేంద్రమునుండి వెలుపలికి జారుచు, రబ్బరు పట్టీకి అంచు ఆనించి చక్రమువలె దొర్లుచు పోయి, కొనయందు విడివడును. ముందుకు సాగు వేగమును, తనచుట్టు తాను తిరుగు వేగమును రెండును ఆ ఒక్క క్షణములోనే కలుగును. ఆ రబ్బరు అరిగిపోయినను, నూనె పడి జారుడైనను, వానతడి అంటినను బిళ్ల దొర్లక జారిపోవును, భ్రమణము తగ్గును, ఒక బిళ్ల ఒకలాగు, మరియొకటి మరియొకలాగు ఎగురును. స్ప్రింగు బలమునుగూర్చి గంటలకొలది వాదించువారు ఈ పట్టీని వ్రేలితో తడిమియైన చూడరు. అది ఊడదీసి మార్చుకొనుటకు వీలుగా నున్నదా, విడిగా దొరుకునా అను ప్రశ్న నా దృష్టిలో యంత్రము ధరకంటె ముఖ్యమైనది.

ఇక వేగము. సెకనునకు 20 మీటర్ల వేగముతో పోవు 105 గ్రాముల బిళ్లలో నున్న గతిశక్తి 21 జౌళ్లు. అనగా ఒక కిలో బరువును రెండు మీటర్లకు కొంచెము మించి పైకెత్తుటకు చాలునంత. వేగమును 30 మీటర్లకు పెంచిన, అనగా ఒకటిన్నర రెట్లు చేసిన, కావలసిన శక్తి రెండుంబావు రెట్లై 47 జౌళ్లు దాటును. చేయి తానును బరువైనదే గనుక దానిని తిప్పుటకు వ్యయమగు శక్తి దీనికి అదనము. కాబట్టి మరికొంత వేగము కోరువాడు మరికొంత స్ప్రింగుతో తృప్తిపడలేడు. స్ప్రింగు బలిసిన దానిని బిగించు మోటారు బలియవలెను, మోటారు బలిసిన బ్యాటరీ, వీటినన్నిటిని మోయు చట్రము బలియవలెను. నేర్చుకొనువానికి ఈ వేగము అక్కరలేదు. కంటికి కనబడిన దానికి దేహము స్పందించుటకు ఇంచుమించు సెకనులో అయిదవవంతు పట్టును. ఆలోగా సెకనునకు 20 మీటర్ల బిళ్ల నాలుగు మీటర్లు సాగిపోయియుండును. గుండ్లు తుపాకినుండి వెడలి 30 మీటర్ల దూరము చేరుటకు సెకనులో పదకొండవవంతు పట్టుననుకొన్నచో, అడ్డముగా పోవు బిళ్ల ఆ లోపున మరి 1.8 మీటర్లు, అనగా దగ్గర దగ్గర ఆరడుగులు, జరుగును. కాల్చువాడు బిళ్లను చూచి కాదు, బిళ్లకు ఆరడుగుల ముందున్న శూన్యమును చూచి మీట నొక్కవలెను. ఈ ముందుచూపు కంటికి అలవడుటకు ఒకే దూరమునుండి, ఒకే కోణములో, ఒకే వేగముతో పదే పదే వచ్చు బిళ్ల కావలెను. ఒక బిళ్ల 18 మీటర్ల వేగముతోను, తరువాతిది 22 మీటర్ల వేగముతోను వచ్చినయెడల కంటికి నిన్నటి పాఠము నేడు అబద్ధమగును.

షాట్‌గన్ గుండ్లు గుంపుగా పోవును గనుక కొంత తప్పును క్షమించునని కొందరందురు. నిజమే. పండ్రెండవ నంబరు గొట్టము, అనగా గొట్టము వ్యాసమునకు సరిపోవు సీసపు గుండ్లు పండ్రెండు కలిసి ఒక పౌను తూగునట్టిది, పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్ల వెడల్పు గలది. దానిలో పోటీవాండ్రు వాడు 24 గ్రాముల తూటాలో సుమారు మూడు వందల చిన్న గుండ్లుండును. అవి ముప్పది మీటర్ల దూరమున మనిషి చేతులు చాచిన వెడల్పులో సగమంత గుంపుగా వ్యాపించును. ఆరడుగుల లెక్కలో రెండడుగులు తప్పిన ఆ గుంపంతయు ప్రక్కనుండి పోవును.

ఇప్పుడు యంత్రముల రకములు. చేతితో విసరు ప్లాస్టిక్కు కర్ర అన్నిటికంటె చవుకైనది. విసరువాని భుజబలమును బట్టి, అలసటను బట్టి, మనస్సును బట్టి బిళ్ల మారుచుండును. ఇద్దరు స్నేహితుల వినోదమునకు చాలును గాని అభ్యాసమునకు కొరగాదు. తరువాతిది చేతితో బిగించు స్ప్రింగు యంత్రము. దీనిని నేలలో మేకులు కొట్టియో, బరువైన పలకకు బిగించియో నిలిపి, చేతిని వెనుకకు లాగి కొక్కెమునకు తగిలించి, బిళ్లను చేతిమీద పెట్టి, త్రాడు లాగి విడువవలెను. మోటారు లేదు, బ్యాటరీ లేదు. చెడుటకు భాగములు తక్కువ. కమ్మరి చేత బాగుచేయించుకొనుటకు వీలు. బిళ్లను పెట్టువాడు ప్రతిమారును ఒకే చోట పెట్టినయెడల దీని నిలుకడ ఆశ్చర్యకరముగా నుండును. దీని దోషమంతయు ఒక మనిషి దానికడ కూర్చుండవలసి వచ్చుటయే.

మూడవది 12 ఓల్టుల బ్యాటరీతో నడచు స్వయంచాలక యంత్రము. దీనిలో బిళ్లలు నిలువుదొంతరలుగా పేర్చబడి ఒక్కొక్కటిగా క్రిందికి జారును. మోటారు పండ్లచక్రముల ద్వారా చేతిని మెల్లగా వెనుకకు త్రిప్పుచు స్ప్రింగును సాగదీయును; స్ప్రింగు పూర్తిగా సాగిన సంధిస్థానమునకు వెండ్రుకవాసి ఇవతల ఒక స్విచ్చు మోటారును ఆపును. కాల్చువాడు పిలిచినపుడు మీట నొక్కగనే మోటారు ఆ కొంచెపు దూరమును దాటించును. దాటిన వెంటనే స్ప్రింగు చేతిని తనవైపు గుంజుకొనును. ఒక దిశకే తిరుగనిచ్చు బేరింగు ఉండుటచేత చేయి మోటారును మించిన వేగముతో స్వేచ్ఛగా తిరిగి బిళ్లను విసరును. ఈ యేర్పాటులోని సొగసు గమనింపదగినది: బిళ్లకు వేగమునిచ్చునది మోటారు కాదు, స్ప్రింగే, మోటారు నెమ్మదిగా శక్తిని కూడబెట్టుట మాత్రమే చేయును. కావున బ్యాటరీ కొంత నీరసించినను విసురు తగ్గదు, బిగించు కాలము మాత్రము పెరుగును. ఇటలీలోని మత్తరెల్లి, ఫ్రాన్సులోని లపోర్ట్, బ్రిటనులోని ప్రోమాటిక్ వంటి సంస్థల యంత్రములు ఈ సూత్రముమీదనే పనిచేయును.

ఒలింపిక్ ట్రాప్ పోటీలో కందకములో పదునైదు యంత్రములను వరుసగా నిలుపుదురు. కాల్చువారు వాటి వెనుక 15 మీటర్ల దూరమున నిలువగా, వారి పిలుపు మైకునకు వినబడగనే ముందుగా తెలియని యొక యంత్రమునుండి, తెలియని కోణములో బిళ్ల వెలువడును. బిళ్ల పడవలసిన దూరము 76 మీటర్లు; ఒక మీటరు అటునిటుగా మాత్రమే అనుమతి. 1960 రోమ్ మొదలుకొని అయిదు ఒలింపిక్ క్రీడలలో పాల్గొని, 1962లో కైరో ప్రపంచ పోటీలలో రజతము గెలిచిన బికనీరు మహారాజు కర్ణీసింగ్ మొదలుగా, 2016 రియో ఒలింపిక్సులో పాల్గొని, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో జట్టు స్వర్ణమును, వ్యక్తిగత కాంస్యమును గెలిచిన మన హైదరాబాదు వాడు కైనన్ చెనాయ్ వరకు అందరును ఇట్టి కందకము వెనుకనే నిలిచినవారు. చూచువారికి ఆ బిళ్లలు ఇష్టము వచ్చినట్లు ఎగురుచున్నట్లు తోచును. వాస్తవముగా ఏ యంత్రము ఏ త్రోవను విసరవలెనో పట్టికలో మీటర్ల లెక్కన వ్రాయబడియుండును. తెలియనిది ఏది ముందు వచ్చునన్నది మాత్రమే. అనిశ్చితిని సృష్టించుటకు సయితము నిలుకడయే ఆధారము. సరదా అభ్యాసమునకు దిగు క్లబ్బువారు మొదటనే ప్రక్కలకు ఊగుచు తనంతట కోణము మార్చుకొను యంత్రమును కొనుటకు ఉబలాటపడుదురు. ఊగుటను ఆపి నిలిపివేయుటకు వీలున్న యెడల అది కొనవచ్చును. మొదటి నెలలలో దానిని ఆపియే యుంచవలెను.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునకైనను వర్తించును. వంగదేశపు నేల, గాలి, ఎండ మరికొన్ని ప్రశ్నలు అడుగును. విదేశీయ సూచికలలో వాటికి సమాధానము దొరకదు. కలకత్తా నిలిచియున్నది గంగ కొనివచ్చిన మెత్తని ఒండ్రుమీద. చేయి ముందునకు విసరినపుడు చట్రము వెనుకకు తన్నును. న్యూటను చెప్పిన ప్రతిక్రియ ఇది. రాతినేలలో పాతిన మేకు ఆ తన్నును భరించును. ఆషాఢ శ్రావణములలో నానిన ఒండ్రులో మేకు ప్రతి తన్నునకును వెంట్రుకవాసి కదలి, యాభైయవ బిళ్లకు యంత్రపు ముఖమే మారిపోవును. ముఖము ఒక్క డిగ్రీ తిరిగిన, అరువది మీటర్ల దూరమున బిళ్ల ఒక మీటరు ప్రక్కకు పడును. కావున ఇచ్చట మేకుల యంత్రముకంటె, సిమెంటు దిమ్మమీద బోల్టులతో బిగింపదగిన అడుగుపలక గల యంత్రము మేలు. దిమ్మ కట్టుటకు వీలులేనిచోట ఇసుక బస్తాలు నాలుగైదు చట్రముమీద వేయవలెను.

సంవత్సరమునకు 1,600 మిల్లీమీటర్లు దాటు వర్షము, దానితోపాటు నెలలకొలది వీడని తేమ, ఉక్కు స్ప్రింగునకు శత్రువులు. తుప్పు స్ప్రింగును తినివేయుటకు పూర్వమే, దానిమీద కంటికి కనబడని చిన్న గుంటలను చేయును. వేలమారులు సాగి ముడుచుకొను లోహము ఆ గుంటల కడనే పగులుట ఆరంభించును. అకస్మాత్తుగా తెగిన స్ప్రింగు ప్రాణాపాయకరము. పూత పూసిన స్ప్రింగు, వాన పడకుండ మూత, ప్రతి అభ్యాసము చివరను స్ప్రింగు బిగువును సడలించి గ్రీజు రాచి భద్రపరచు అలవాటు, ఈ మూడును ఇచ్చట విలాసములు కావు. విద్యుత్ పరికరముల కనెక్షన్లు కూడ పచ్చబడి చెడును. మోటారుతో నడచు యంత్రమును కొనువారు స్విచ్చుపెట్టె తెరచి చూచి, తీగెల కొనలు రబ్బరుతో మూయబడియున్నవో లేదో పరిశీలింపవలెను.

వైశాఖ జ్యేష్ఠముల ఎండ యంత్రమునకు కాదు, బిళ్లలకు చేటు. తారుజిగురు వేడికి మెత్తబడును. రేకుల కప్పు క్రింద దొంతరలుగా పేర్చిన బిళ్లలలో క్రిందివి పైబరువునకు కొంచెము వంగి, ఒకదానికొకటి అంటుకొనును. స్వయంచాలక యంత్రములో అంటుకొనిన రెండు బిళ్లలు ఒకేమారు జారి చేతిలో ఇరుకుకొనుట, పగులుట, యంత్రము నిలిచిపోవుట సర్వసాధారణము. చేతితో బిళ్లను పెట్టు సాధారణ యంత్రములో ఈ బాధ లేదు. పెట్టువాని కన్నే ఆ వంకరను పసికట్టి ప్రక్కన పెట్టును. ఇన్ని కారణములచేత, చిన్న క్లబ్బునకు వేసవిలో కూడ అభ్యాసము సాగించు ఉద్దేశమున్నయెడల, ఖరీదైన స్వయంచాలక యంత్రమునకు తోడుగా ఒక చేతి యంత్రమును సిద్ధముగా నుంచుకొనుమని నా సలహా. కార్తికము మొదలు మాఘము వరకు గాలి నిలిచియుండి, నేల ఆరియుండు నెలలే ఈ అభ్యాసమునకు యోగ్యమైన కాలము. అప్పుడు ఆకాశము పొగమంచుతో తెల్లబారియుండును గనుక నారింజరంగు బిళ్లకంటె నల్లబిళ్ల స్పష్టముగా కనబడును. పచ్చని చెట్లు వెనుకనున్నచోట నారింజ మేలు.

యంత్రము ఆయుధము కాదు గాని, అపాయము లేనిదియు కాదు. స్వయంచాలక యంత్రమును ఆపివేసినను చేయి బిగించియే యుండవచ్చును. మీట తీసివేసితిమి గదా అని దొంతర సరిచేయుటకు ముందుకు వంగినవాని ముంజేతిని అది విరువగలదు. యంత్రమును ఆపగనే బిగువును తనంతట సడలించు ఏర్పాటు, చేయి తిరుగు వృత్తముచుట్టు ఇనుప కడ్డీల కంచె, మీటకును యంత్రమునకును నడుమ చాలినంత పొడవైన తీగె, ఈ మూడును లేని యంత్రమును ఉచితముగా నిచ్చినను పుచ్చుకొనరాదు. బిళ్లలు పెట్టువాడు యంత్రమునకు వెనుకగా, కాల్చు దిశకు అడ్డురాని మాటున, కన్నులకు అద్దములతో కూర్చుండవలెను. పగిలిన బిళ్ల ముక్కలు వెనుకకు సయితము చిమ్మును.

తుపాకి విషయమున 1959వ సంవత్సరపు ఆయుధ చట్టమే శాసనము. లైసెన్సు లేనివాడు తుపాకి పట్టరాదు, పొలమున్నది గదా అని దానిలో కాల్చరాదు. క్లబ్బులకును అనుమతి కావలెను. 1801లో కాశీపూరునందు తోపుల కర్మాగారమును, ఇరువదవ శతాబ్దారంభమున ఈశాపూరునందు తుపాకుల కర్మాగారమును వెలసిన ప్రాంతమిది. 1914 ఆగస్టు 26వ తేదీన ఆయుధ వర్తకులైన రోడా కంపెనీకి వచ్చిన సరకునుండి యాభై మౌజర్ పిస్తోళ్లు విప్లవకారుల పాలైనది ఈ నగర వీథులలోనే. ఆయుధముల చరిత్ర ఇంత గలిగియు, గురివిద్యలో ఈ నగరమునకు ప్రసిద్ధి తెచ్చినది రైఫిలు. 2012 లండన్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచిన జయదీప్ కర్మాకర్ రైఫిలువాడే. రైఫిలు గుండును గోడ ఆపగలదు. పైకి కాల్చు షాట్‌గన్ గుండ్లు రెండు వందల మీటర్లకు పైగా పోయి పడును గనుక మూడు వందల మీటర్ల మేర నిర్జనమైన నేల కావలెను. జనసమ్మర్దముగల నగరములో అంత నేల ఎచ్చట? నగరపు అంచున ఖాళీగా కనబడునది ఒక్కటే: తూర్పు చిత్తడినేలలు.

అచ్చట మాత్రము యంత్రమును నిలుపరాదు. 12,500 హెక్టార్ల ఆ చెరువులు, మళ్లు, 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలలుగా గుర్తింపు పొందినవి. నగరపు మురుగునీటిని ఎండయు, నాచుగుంపులును శుద్ధిచేయగా దానిలో చేపలను పెంచి నగరమునకే అందించు ఆ వ్యవస్థ విలువను లోకమునకు వెల్లడించినవాడు ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్. ఒక్కొక్క తూటాకు 24 గ్రాముల సీసము. నాలుగు వందల తూటాలు కాల్చిన దాదాపు పది కిలోల సీసము నేలమీద రాలును. బాతులు గింజలను నూరుకొనుటకు చిన్నరాళ్లను మ్రింగును. రాయియనుకొని మ్రింగిన సీసపు గుండు వాటి కందనకాయలో అరిగి, నెత్తురులో కలిసి, పక్షిని మెల్లగా చంపును. ఈ కారణముచేతనే అమెరికాలో 1991 నుండి నీటిపక్షుల వేటలో సీసమును నిషేధించిరి. తారుతో చేసిన బిళ్ల ముక్కలలోను విషపదార్థములు కలవు. అవి పందులకు ప్రాణాంతకములని చిరకాలముగా తెలియును. పక్షిప్రాణము కాపాడుటకు పుట్టిన మట్టిబిళ్ల, చోటు చూచుకొనక వాడినయెడల, అదే పక్షికి విషము పెట్టును. కాబట్టి క్లబ్బువారు యంత్రమునకు ఎంత ధనము వెచ్చింతురో, నీటికి దూరమైన ఎత్తైన మెట్టనేలను వెదకుటకును, సీసమును ఏటేట జల్లెడపట్టి ఏరుటకును, తారుకు బదులు హానిలేని జిగురుతో చేసిన బిళ్లలను తెప్పించుటకును అంత శ్రద్ధ వెచ్చింపవలెను. దీనిని నేను తక్కిన అన్ని సలహాలకంటె గట్టిగా చెప్పుచున్నాను.

నేల కుదిరి, యంత్రములు రెండు మూడు కంటి ముందునకు వచ్చినపుడు పరీక్షించు విధము సులభమైనది. గాలి కదలని శీతకాలపు ఉదయమున, తుపాకి లేకుండ, యంత్రమును గట్టి దిమ్మమీద బిగించి, ఒకే పెట్టెలోని బిళ్లలు ఇరువదియైదింటిని ఒకదాని తరువాత నొకటి విసరించవలెను. పడిన ప్రతిచోటను ఒక చిన్న మేకు నాటించి, ప్రక్కలకు ఎంత, దూరమునకు ఎంత చెదరినవో టేపుతో కొలిపించవలెను. పోటీ యంత్రమునకు మీటరు అటునిటు అనుమతియైనపుడు, అభ్యాస యంత్రమునకు ప్రక్కలకు రెండు మూడు మీటర్లు ఇచ్చిన చాలును. చేతిలోనే పగిలిన బిళ్లలు ఒకటికి మించిన రబ్బరు పట్టీనో, బిళ్ల కూర్చుండు చోటునో అనుమానింపవలెను. పిదప మరి నూరు బిళ్లలు ఎడతెగక విసరించి, స్ప్రింగును బేరింగును వేడెక్కనిచ్చి, బ్యాటరీని కొంత దిగనిచ్చి, మొదటి పరీక్షనే వేరు రంగు మేకులతో తిరిగి చేయవలెను. రెండవ రంగు మేకులు మొదటివాటి నడుమనే పడినయెడల ఆ యంత్రమునకు సొమ్ము చెల్లింపవచ్చును.